బస్సు సమయానికి వస్తోంది

3012వ రోజు

పద్నాలుగో తూము. నీటి వేగం, పీడనం, చలి అన్నీ మామూలే. వాటిని యంత్రమే రాసుకుంటుంది. అయినా లస్కరు రోజుకు నాలుగు ముక్కలు తన చేత్తో రాయాలన్నది నియమం కాబట్టి రాస్తున్నాను. ఈ పుస్తకం ఆఫీసులో ఎవరూ చదవరు. మూడేళ్ల కిందట వరసగా వారం రోజులు కాకరకాయ వేపుడు ఎలా చెయ్యాలో రాశాను. ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దున ఎండ పలకల మీద దుమ్ము దులిపాను. బయట పీల్చడానికి గాలి లేదు కాబట్టి సూటు వేసుకుని గొట్టం వెంట మూడు కిలోమీటర్లు అటు, మూడు కిలోమీటర్లు ఇటు నడిచాను. ఎక్కడా నీరు కారడం లేదు. ధ్రువం దగ్గర కరిగించిన మంచునీళ్లు ఈ గొట్టంలోంచి నగరానికి పోతాయి. నలభై కిలోమీటర్లకో తూము, తూముకో లస్కరు. మిగతాదంతా ఎర్ర దుమ్మే. నన్ను సెలవు మీద పంపాల్సిన రోజు దాటి నాలుగు వందల రోజులైంది. నా బదులు వచ్చే మనిషి దొరకలేదట.

సాయంత్రం ఆటకు కూర్చున్నాను. ఆట పేరు డిపో. అందులో ఒక ఊళ్లో బస్సులు నడపాలి. నేను కంట్రోలర్ని, పదిహేనో తూము లస్కరు తాయారక్క డ్రైవరు. ఎనిమిదేళ్లుగా ఇద్దరం ఒక జత. ఆటలో గొప్పతనమంతా జనంలోనే ఉంది. ప్లాట్‌ఫారం మీద తోసుకుంటారు, చిల్లర దగ్గర తగువు పడతారు, కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటారు. మనిషి మొహం చూడని ఈ ఉద్యోగంలో ఆ గోల వింటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని మధ్యాహ్నం నుంచే గడియారం చూసేవాణ్ణి.

ఇవాళ తెర వెలిగింది, జనం వచ్చారు, హారన్లు మోగాయి. నాకేమీ అనిపించలేదు. నిద్ర చాల్లేదేమో అనుకున్నాను.

3019వ రోజు

నిద్ర సంగతి కాదు. వారం రోజులు తొమ్మిదేసి గంటలు పడుకున్నాను. ఆట ముందు కూర్చుంటే చేతులు బరువెక్కుతున్నాయి. ఏ బస్సు ఎటు పోతే నాకేమిటి అనిపిస్తోంది.

తాయారక్క మాత్రం తన ధోరణిలో తనుంది. ఆవిడకో జబ్బుంది. బస్సు కదిలాక ఎవరైనా మూటతో పరిగెత్తుకుంటూ వస్తే ఆపేస్తుంది. ఆపితే బస్సు ఆలస్యం, ఆలస్యమైతే మా జతకు మార్కులు కోత. వాళ్లు నిజం మనుషులు కారని, ఆట మనల్ని పరీక్షించడానికే వాళ్లను పరిగెత్తిస్తుందని వెయ్యిసార్లు చెప్పాను. ఇవాళ కూడా కోళ్ల బుట్టతో వచ్చిన ముసలాయన కోసం ఆపింది.

"అక్కా, ఇది బస్సా, మీ ఇంటి అరుగా?" అన్నాను. అలవాటుగానే అన్నాను కానీ కోపం రాలేదు.

"పాపం, కోళ్లతో పరిగెడుతున్నాడ్రా. వదిలేసి పోతామా?" అంది.

ఇదివరకైతే ఈ మాటకు ఇద్దరం అరగంట దెబ్బలాడుకునేవాళ్లం. ఇవాళ నేను సరేలే అని ఊరుకున్నాను.

3026వ రోజు

ఆట మానెయ్యడానికి వీల్లేదు. పూర్వం మూడో తూములో లస్కరు చనిపోతే పదకొండు రోజుల వరకూ ఎవరికీ తెలియలేదు. నీళ్లు వస్తున్నాయి కదా అని అందరూ ఊరుకున్నారు. ఆ తరవాతే ఈ జతలు పెట్టారు. సాయంత్రం ఆట నడిస్తే మనిషి బాగున్నట్టు లెక్క. జతలో ఒకరు మూడు రోజులు రాకపోతే రెండోవాళ్లు బండేసుకుని వెళ్లి చూడాలి. తూముకూ తూముకూ మధ్య మాట కలవాలన్నా ఆటే దారి. వేరే ఫోను లేదు.

నేను మానేస్తే యాభై ఎనిమిదేళ్ల తాయారక్క నలభై కిలోమీటర్లు దుమ్ములో రావాలి. వచ్చి నా గడ్డం, ఈ గది చూడాలి. "ఏమైందిరా" అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కాలు విరగలేదు, జ్వరం లేదు.

అందుకని స్పేర్‌ను పెట్టాను. డ్రైవరు సెలవు పెడితే బదులు ఎక్కే మనిషిని పూర్వం డిపోల్లో స్పేర్ అనేవారట. ఆటలో కూడా ఒక స్పేర్ ఉంటాడు. మనం ఇన్నేళ్లు ఎలా ఆడామో, ఏం మాట్లాడామో అంతా నేర్చుకుని ఉంటాడు. మన గొంతుతోనే మాట్లాడతాడు, ఆపేదాకా పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటాడు. ఒంట్లో బాగోనప్పుడు రెండు రోజులు వాడుకోవచ్చు. మూడో రోజు ఆపమని మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు.

సాయంత్రం మంచం మీద పడుకుని నా గొంతు బస్సుల వేళలు చెబుతుంటే కాసేపు విన్నాను. తరవాత శబ్దం తగ్గించేశాను.

3061వ రోజు

ముప్పై అయిదు రోజులుగా ఆటవైపు చూడలేదు. ఆట మానితే తీరిక దొరికి ఒళ్లు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఆ గంట కూడా గోడవైపు చూస్తూ గడిచిపోతోంది.

గాలి జల్లెడను నాలుగు రోజులకోసారి బ్రష్‌తో తోమాలి. లేకపోతే దుమ్ము పేరుకుని లోపలి గాలి చెడుతుంది. ఈసారి ఏడో రోజున తోమాను. తోటకూర మడిలో నీళ్లు పెట్టడం మరచిపోయాను, సగం వాడిపోయింది. పప్పు వేడి చెయ్యకుండా పొట్లంలోంచే తింటున్నాను. రుచి తెలియనప్పుడు వేడెందుకు.

నాకు బాధగా లేదు. బాధగా ఉంటే బాగుండునేమో తెలియదు.

3097వ రోజు

నగరం నుంచి సూపర్‌వైజరు జకరయ్య గారు మాట్లాడారు. ఆయన వారానికోసారి నాలుగు నిమిషాలు మాట్లాడతారు. నలభై నాలుగు తూములకూ ఆయనొక్కరే.

"గవర్రాజు గారూ, మీ జత రికార్డు కొట్టిందండి," అన్నారు. "యాభై రోజుల పైమాటే, ఒక్క బస్సూ ఆలస్యం లేదు. లైను మొదలైనప్పటి నుంచీ ఇలాంటిది లేదంటున్నారండి. మీ ఇద్దరికీ చెరో కేజీ అసలు కాఫీ పొడి పంపుతున్నాం."

"సంతోషమండి," అన్నాను.

"ఆరోగ్యం అదీ బాగానే ఉందా?"

"ఆట నడుస్తోంది కదండీ."

"అదేలెండి," అని పెట్టేశారు.

3098వ రోజు

ఆయన నిన్న అన్న మాట ఇవాళ మధ్యాహ్నం పలకలు దులుపుతుంటే నా బుర్రకెక్కింది. యాభై రోజులుగా ఒక్క బస్సూ ఆలస్యం లేదట.

నా స్పేర్ నాలాగే ఆడతాడు, ఆలస్యం నావల్ల ఎప్పుడూ రాలేదు. కానీ తాయారక్క బస్సు ఎనిమిదేళ్లలో వరసగా మూడు రోజులు సమయానికి వచ్చింది లేదు. మూటతో పరిగెత్తేవాడు కనబడితే ఆవిడ కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుంది. చేసిన తప్పు మళ్లీ చెయ్యకుండా ఆడటమే స్పేర్ పని. మనిషి మాటా తీరూ నేర్చుకుంటాడు కానీ, మార్కులు పోయే పని మాత్రం నేర్చుకోడు.

లోపలికొచ్చి డెబ్బై రెండు రోజుల తరవాత నేనే ఆటలో కూర్చున్నాను.

"తాయారక్కా, నేనే," అన్నాను.

"నువ్వు కాక ఇంకెవర్రా. ఎర్ర బస్సు కదులుతోంది, జెండా ఊపు," అంది ఆవిడ గొంతు.

"ఇవాళ ఏం కూర?"

"వంకాయ. ఇంకేం దొరుకుతుంది నాకు."

ఆవిడ వంకాయ మొక్కలు పోయిన ఏడు తెగులొచ్చి చచ్చిపోయాయి. చెప్పి ఏడ్చింది కూడా. అప్పుడే ఆటలో ఒక పిల్ల పెట్టె మోసుకుంటూ బస్సు వెనక పరిగెత్తింది. బస్సు ఆగలేదు. నేను కావాలనే ఆటను అక్కడే ఉంచి చాలాసేపు చూశాను. ఇంకో ఇద్దరు పరిగెత్తారు. వాళ్లకోసమూ ఆగలేదు.

ఆటలో ఆవిడ ఉంది. పదిహేనో తూములో ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ బస్సు చివరిసారి ఆలస్యమైన రోజు ఆటలో చూసి లెక్కవేస్తే, తెలియక యాభై మూడు రోజులు.

ఆఫీసుకు చెబుదామా అనుకున్నాను. చెబితే నా స్పేర్ సంగతి కూడా బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. పై వాక్యం రాశాక దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఒక మనిషి బతికుందో లేదో తెలియనప్పుడు నాకు ముందొచ్చిన ఆలోచన అది. అయినా దాని మీద నాకు ఏ కోపమూ రాలేదు. తెల్లవారగానే బండి తీస్తాను. బ్యాటరీ నిండటానికి అంత సమయం పడుతుంది.

3099వ రోజు

నలభై కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది. దారిలో నాకేమీ అనిపించలేదు. చక్రం కింద రాళ్లు లెక్కపెట్టాను. పదిహేనో తూము పలకలు దూరం నుంచే ఎర్రగా కనిపించాయి. వాటిని దులిపి నెల దాటి ఉంటుంది.

బయట తలుపుకు ఏ లస్కరు తాళమైనా పడుతుంది. లోపల హెల్మెట్ తియ్యబోతే సూటు వద్దని కూసింది. గాలి అంత పాడైపోయి ఉంది. జల్లెడ మీద దుమ్ము వేలి మందాన ఉంది. ఆటలో మాత్రం బస్సులు తిరుగుతున్నాయి, తాయారక్క గొంతూ, నేను లేచాక మళ్లీ ఎక్కిన నా స్పేర్ గొంతూ మాట్లాడుకుంటున్నాయి. మాటల్లో నేనేదో అన్నాను, ఆవిడ నవ్వింది.

తాయారక్క గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉంది. ఎనిమిదేళ్లలో ఆవిణ్ణి చూడటం ఇది మూడోసారి. సగమైపోయింది. భుజం పట్టుకుని తిప్పితే కళ్లు తెరిచింది.

"ఆట నడుస్తోంది కదరా," అంది. "ఎందుకొచ్చావ్?"

నా దగ్గరున్న రెండో సిలిండరు మాస్కు ఆవిడ మొహానికి పెట్టి, జల్లెడ ఊడదీసి తోమడం మొదలుపెట్టాను. రెండు గంటలు పట్టింది. ఆట తీగ పీకేశాను. మొదటిసారి ఆ గది నిశ్శబ్దమైంది.

3100వ రోజు

గాలి బాగుపడింది. పొద్దున గంజి కాచి ఇచ్చాను. నాలుగు చెంచాలు తాగి పక్కన పెట్టింది. తలనొప్పి తగ్గిందంది.

"ఎన్నాళ్లయింది అక్కా ఇలా?" అని అడిగాను.

"ఏమోరా. ఓరోజు లెగాలనిపించలేదు. మర్నాడూ అనిపించలేదు. తరవాత లెగ్గలిగే ఓపికా పోయింది."

"స్పేర్‌ను ఎప్పుడు పెట్టావు?"

"నువ్వు పెట్టాకే," అంది.

నేను గిన్నె కడుగుతున్నాను. కడగడం ఆపి తిరిగి చూశాను. ఆవిడ కోపంగా లేదు, ఏదో బస్సు వేళ చెబుతున్నట్టు చెప్పింది.

"కోళ్ల బుట్ట ముసలాయన కోసం ఆపాను కదా, నువ్వు తిట్టావు. ఆ తరవాత ఓరోజు మళ్లీ ఆయన కోసమే ఆపాను. ఇది బస్సా, మీ ఇంటి అరుగా అన్నావు. మర్నాడు కావాలని ఆపాను. అదే మాటన్నావు. ఆ మర్నాడూ ఆపాను. మళ్లీ అదే మాట, అదే గొంతు. నువ్వు అలా తిట్టవురా. రెండుసార్లు తిడతావు, మూడోసారికి నవ్వేస్తావు. ఎనిమిదేళ్లుగా అంతే. అప్పుడు తెలిసింది అక్కడ నువ్వు లేవని."

"మరి వచ్చి చూడలేదేం? ఆఫీసుకైనా చెప్పాల్సింది."

"ఒంట్లో బాగోకపోతే రెండ్రోజులు పెట్టి తీసేస్తావు. ఇరవై రోజులు ఉంచావంటే నీకు నాతో ఆడాలని లేదనుకున్నాను. అది ఆఫీసోళ్లకి చెప్పుకునే సంగతా? నేను ఊరికే మానేస్తే మూడ్రోజులకి నువ్వు రావాల్సొస్తుంది. రావాలని లేనోణ్ణి రప్పించడం ఎందుకని నేనూ స్పేర్‌ను పెట్టాను."

ఆవిడ మూడు రోజుల్లో కనిపెట్టింది. నాకు యాభై మూడు రోజులు పట్టింది, అదీ ఆఫీసువాళ్లు బహుమతి ఇస్తామంటే.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ల తరవాత నాకంటూ అనిపించిన మొదటి సంగతి అది. గిన్నె పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాను.

"నీతో ఆడాలని లేక కాదక్కా," అన్నాను. "నాకు దేని మీదా ఏమీ లేదు. తిండి మీద లేదు, ఆట మీద లేదు. ఎందుకో చెప్పమంటే తెలియదు. నువ్వొచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియక దాక్కున్నాను."

తాయారక్క దుప్పటి పక్కకు తోసి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆ ఆట మీద మోజు నాకు అయిదేళ్ల కిందటే పోయిందిరా," అంది. "నువ్వు తిడతావని ఆడేదాన్ని."

3102వ రోజు

పదిహేనో తూము నుంచే జకరయ్య గారితో మాట్లాడాం. ఇవాళ ఆయన ఇక్కడికి మాట్లాడే రోజు. తాయారక్క మంచం మీద కూర్చుని తనే మొదలుపెట్టింది.

"బాబూ, మేమిద్దరం ఆడటం లేదండి. రెండు నెలలు కావస్తోంది. స్పేర్లే ఆడుకుంటున్నాయి. నేను చచ్చిపోబోతుంటే ఈయన వచ్చి లేపాడు. మీ కాఫీ పొడి మాకొద్దు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"ఒక్క నిమిషమండి," అన్నారు జకరయ్య గారు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. తరవాత ఆయన గొంతు మారిపోయింది. "మీ జతకొక్కదానికే కాదండి కాఫీ పొడి. ఇంకో తొమ్మిది జతలు కూడా మీ వెనకాలే ఉన్నాయి. నెల పైగా ఒక్క బస్సూ ఆలస్యం లేదు. అందరికీ ఒకేసారి పంపుదామని జాబితా రాసుకున్నాను."

మొత్తం ఇరవై రెండు జతలు. అందులో పది జతలంటే ఇరవై మంది మనుషులు.

"మీరు మాట్లాడతారు కదా అందరితో," అన్నాను. "ఎలా ఉన్నారంటే ఏం చెబుతారు?"

"మీరు చెప్పిందే చెబుతారండి," అన్నారాయన. "ఆట నడుస్తోంది కదా అంటారు. నేనూ అదేలెండి అంటాను."

నగరం నుంచి బండ్లు బయల్దేరదీస్తానన్నారు. చివరి తూముల దాకా రావడానికి పంతొమ్మిది రోజులు పడుతుంది. మా ఇద్దరి ఉద్యోగాల సంగతి ఆయన ఎత్తలేదు, మేమూ అడగలేదు. పెట్టేసేముందు ఆయన జాబితా చదివారు. మొదటి పేరు పదహారో తూముది. ఇక్కడికి నలభై కిలోమీటర్లు.

"నువ్వు ఒక్కడివీ వెళ్లలేవు," అంది తాయారక్క. "నేనూ వస్తాను."

"నువ్వు నిలబడలేకపోతున్నావు."

"బండిలో కూర్చునేదానికి నిలబడ్డమెందుకు?"

రెండు రోజులు ఆగుదామన్నాను. ఒక్కరోజుకు ఒప్పుకుంది. ఈ తూమునీ నా తూమునీ యంత్రానికి వదిలేశాం. నీళ్లు వాటంతటవే పోతాయి, మేమున్నా ఇన్నాళ్లూ అలాగే పోయాయి.

3104వ రోజు

ఈ పుట పదహారో తూములో రాస్తున్నాను. పుస్తకం పద్నాలుగోదే. ఆఫీసువాళ్లు ఏమనుకున్నా ఫర్వాలేదు.

నా ఒళ్లు బాగుపడలేదు. పొద్దున లేవడానికి ఇవాళ కూడా అరగంట పట్టింది. తాయారక్క పక్క గదిలోంచి, "ఒరేయ్, నన్ను బండి ఎక్కించాల్సింది నువ్వే," అని మూడుసార్లు అరిస్తే లేచాను. రాత్రి వేడిచేసిన పప్పు కొంచెం తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. ఉప్పు ఎక్కువైందని తెలిసింది.

పదహారో తూము మనిషి పేరు ఏసుపాదం. మాకు ఇదివరకు పరిచయం లేదు. లైను కింది వైపు జతలో ఆడతాడు. బయట తలుపు దాటి, గాలి నిండిన నడవలో లోపలి తలుపు గంట నొక్కాం. లోపల ఆట శబ్దం వినబడుతోంది, బస్సుల హారన్లు, ప్లాట్‌ఫారం మీద జనం. పలకలు ఎర్రగా ఉన్నాయి. ఈ తాళం కూడా మనమే తీసి లోపలికి వెళ్లిపోదామా అన్నాను. తాయారక్క వద్దంది. అతను లేచి వచ్చి తియ్యాలంది. సూటు గోడకు ఆనించి నిలబడి ఊపిరి ఎగబీలుస్తూనే ఇంకోసారి గంట నొక్కింది. మళ్లీ నొక్కింది. నాకు భయమేసింది. చచ్చిపోయి ఉంటాడేమో అన్న భయం, నిజం భయం.

పదిహేను నిమిషాలు దాటాక లోపలి నుంచి అడుగులు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. గడ్డం మెడ దాకా పెరిగింది, కాళ్లకు చెప్పులు లేవు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఎవరు మీరనో, ఎందుకొచ్చారనో అడుగుతాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఎన్నాళ్లుంటారు?" అన్నాడు.

నేను తాయారక్క వైపు చూశాను.

"ముందు లోపలికి రానియ్యి నాయనా," అంది.